జపాన్ పాలనలో కొరియా ఫ్యాక్టరీ ఆడవాళ్లు: అందరినీ బలవంతంగానే తీసుకెళ్లారా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ చేతిలో ఉన్న కాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన కొరియన్ ఆడవాళ్లందరినీ బలవంతంగానే పట్టుకెళ్లారా? జీతం ఇచ్చేవారా? వాళ్లు ఎప్పుడైనా ఎదురుతిరిగారా? చివర్లో, 'కంఫర్ట్ విమెన్' (జపాన్ సైన్యం లైంగిక బానిసత్వంలోకి నెట్టిన ఆడవాళ్లు) అంటే వీళ్లేనా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అందరినీ బలవంతంగా తీసుకెళ్లలేదు. 1930ల చివరి దాకా ఎక్కువమంది కూలి డబ్బుల కోసం వెళ్లినవాళ్లే, లేదంటే ఇంట్లోవాళ్లు పంపినవాళ్లు. జీతం ఇచ్చేవారు, కానీ కొరియాలోనే పనిచేసే జపాన్ మగ కార్మికుడికి వచ్చేదాంట్లో అది సుమారు నాలుగో వంతు. ఎదురుతిరగడం అంటారా, చాలాసార్లు తిరిగారు, గట్టిగా తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక, ముఖ్యంగా 1944 నుంచి, పరిస్థితి మారింది. అప్పుడు మోసం, బలవంతం రెండూ నడిచాయి. ఇక కంఫర్ట్ విమెన్ సంగతి వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను చాలా ఏళ్లు పీజీ విద్యార్థులకు తూర్పు ఆసియా ఆధునిక చరిత్ర చెప్పాను. వలస పాలనల కింద మిల్లు కార్మికుల జీవితాల మీదే నా పని ఎక్కువ. మీరడిగిన మొదటి ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. వాళ్ల మనసులో ఉండేది యుద్ధకాలపు బొమ్మ ఒక్కటే. దానికి ముందున్న పాతికేళ్ల కథ ఎవరికీ తెలిసేది కాదు. నా దృష్టిలో అసలు విషయం ఆ పాతికేళ్లలోనే ఉంది.

ఎందుకు వెళ్లారు?

ఊళ్లో తిండి లేక. 1910 నుంచి 1918 దాకా జపాన్ ప్రభుత్వం కొరియా అంతటా భూమి సర్వే చేసింది. కాగితం మీద హక్కు ఎవరిదో తేల్చే ఆ పనిలో, తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్న చాలామందికి హక్కు దక్కలేదు. కౌలు పంటలో సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. దాని మీద 1920ల నుంచి బియ్యాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడం ఊపందుకుంది. 1930ల మధ్యకి వచ్చేసరికి పండిన బియ్యంలో దాదాపు సగం ఓడలెక్కేది. పండించినవాళ్లు పక్కనున్న మంచూరియా (చైనా ఈశాన్య ప్రాంతం) నుంచి వచ్చే కొర్రలు తినేవాళ్లు. అలాంటి ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్ల ఉంటే మిల్లు ఏజెంట్ వచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టేవాడు. మూడు పూటలా అన్నం, రాత్రి బడి, చేతికి జీతం అని చెప్పేవాడు. అందులో నిజమెంతో లోపలికి వెళ్లాకే తెలిసేది. అప్పటికి ఆ అడ్వాన్స్ అప్పుగా మారి ఉండేది.

దీన్ని 'ఇష్టపూర్వకం' అనాలా, 'బలవంతం' అనాలా అని నా క్లాసులో పెద్ద వాదనలే జరిగేవి. పోలీసు తుపాకీ పెట్టి తీసుకెళ్లడానికీ, ఆకలికి తండ్రి పంపడానికీ తేడా ఉంది. ఆ తేడాను చెరిపేస్తే యుద్ధకాలంలో జరిగిన దానికి ఉన్న ప్రత్యేకత పోతుంది. అలాగని రెండోదాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు.

ఏయే పనులు?

వీళ్లను ఒకే గుంపుగా చూడకండి. బూసాన్, ఇంచియాన్, గ్వాంగ్జు, సియోల్ పక్కన యోంగ్‌దుంగ్‌పోలో నూలు, బట్టల మిల్లులు ఉండేవి. దెగు లాంటి చోట్ల పట్టు దారం తీసే ఫ్యాక్టరీలు. వీటిలో పెళ్లికాని ఆడపిల్లలు, హాస్టల్ జీవితం, ఎత్తైన గోడ. పట్టు పనిలో మరిగే నీళ్లలోంచి పట్టుకాయలు తీసి పోగు పట్టాలి. వేళ్లు ఉడికిపోయి తోలు ఊడేది. గదంతా ఆవిరి, పురుగు వాసన.

ప్యాంగ్యాంగ్, సియోల్, బూసాన్‌లలో రబ్బరు బూట్ల ఫ్యాక్టరీలు వేరే రకం. అక్కడ ఎక్కువమంది పెళ్లైనవాళ్లు, పిల్లల తల్లులు. ఇంటి నుంచి వచ్చి వెళ్లేవాళ్లు. రబ్బరు ముక్కలకు జిగురు పూసి బూటు ఆకారంలో అతికించాలి. కూలి జతల లెక్కన. ఒక జత పాడైతే జరిమానా. చంటిపిల్లల్ని పనికి తెచ్చుకునేవాళ్లు కాబట్టి పాలివ్వడానికి తీరిక కావాలని, కాన్పు తర్వాత విశ్రాంతి కావాలని వాళ్ల సమ్మెల్లో డిమాండ్లు కనిపిస్తాయి. ఇంచియాన్ రేవులో బియ్యం మిల్లుల్లో ఎగుమతి బియ్యంలోంచి రాళ్లు, విరిగిన గింజలు ఏరే ఆడవాళ్లు ఇంకొందరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రభుత్వ లెక్కల్లో ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేవాటినే ఫ్యాక్టరీగా లెక్కించారు. 1930ల మొదట్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో ఆడవాళ్లు మూడో వంతు అని ఎక్కడైనా చదివితే, ఇంటి దగ్గర నేసేవాళ్లు, చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లు అందులో లేరని గుర్తుంచుకోండి. బట్టల పరిశ్రమ ఒక్కటే తీసుకుంటే పదిమందిలో ఎనిమిది మంది దాకా ఆడవాళ్లే.

చట్టం ఏమైంది?

ఇది చాలామంది పట్టించుకోని విషయం. నాకు మాత్రం మొత్తం కథకి తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది. జపాన్ తన దేశంలో 1911లో ఫ్యాక్టరీ చట్టం చేసింది, 1916 నుంచి అమలు చేసింది. 1929 జూలై నుంచి అక్కడ ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు నిషేధం. కానీ ఆ చట్టాన్ని కొరియాకి ఎప్పుడూ వర్తింపజేయలేదు. జపాన్‌లో రాత్రిపూట మగ్గాలు ఆగాయి. కొరియాలో ఆపమనే చట్టమే లేదు. 1930లలో జపాన్ పెద్ద మిల్లు కంపెనీలు వరసగా కొరియాకి ఎందుకు వచ్చాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు. తోయో కంపెనీ 1934లో ఇంచియాన్‌లో పెట్టింది. కానెగఫుచి కంపెనీ గ్వాంగ్జులో పెట్టింది. 1931 నాటి సర్వేలో కొరియా ఫ్యాక్టరీల్లో దాదాపు సగం రోజుకి 12 గంటలకు మించి నడిచేవి. జపాన్‌లో అలాంటివి లెక్కపెట్టదగ్గన్ని కూడా లేవు.

మనవాళ్లకి ఇక్కడ ఒక పోలిక పనికొస్తుంది. మన దేశంలో బ్రిటిష్‌వాళ్లు 1881లోనే ఫ్యాక్టరీల చట్టం తెచ్చారు. 1922 చట్టంతో వారానికి 60 గంటల హద్దు పెట్టారు. అది జాలితో చేశారనుకోకండి. బొంబాయి మిల్లుల చవక నూలుతో పోటీ పడలేక ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు యజమానులు పెట్టిన ఒత్తిడి దాని వెనక చాలా ఉంది. కొరియా విషయంలో లెక్క తిరగబడింది. జపాన్ యజమానులే కొరియాకి వచ్చి మిల్లులు పెట్టుకుంటున్నారు, చట్టం లేకపోవడమే వాళ్లకి లాభం.

కూలి సంగతి. సుమారుగా చెప్తాను, ఏడాదిని బట్టి, పరిశ్రమని బట్టి మారుతుంది. జపాన్ మగవాడికి రోజుకి 2 యెన్‌లు వస్తే కొరియన్ మగవాడికి 1 యెన్, కొరియన్ ఆడవాళ్లకి అర యెన్ దగ్గర. చిన్నపిల్లలకి ఇంకా తక్కువ. ఇందులోంచే హాస్టల్ తిండి, జరిమానాలు, 'పొదుపు' పేరుతో కోత. ఆ పొదుపు డబ్బు కంపెనీ దగ్గరే ఉండేది. పారిపోతే పోయినట్టే.

యజమానులంతా జపాన్‌వాళ్లేనా?

మీరు ఇది అడగలేదు, కానీ ఇది తెలియకపోతే సమ్మెల కథ సగమే అర్థమవుతుంది. యోంగ్‌దుంగ్‌పోలోని గ్యోంగ్‌సంగ్ స్పిన్నింగ్ 1919లో కొరియన్లు పెట్టిన కంపెనీ. ప్యాంగ్యాంగ్ రబ్బరు ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం కొరియన్లవే. 'మన సరుకే కొందాం' అనే స్వదేశీ ఉద్యమం 1920లో మొదలైంది కూడా ప్యాంగ్యాంగ్‌లోనే. జనం దేశభక్తితో స్వదేశీ సరుకు కొంటుంటే, ఆ సరుకు తయారుచేసే ఆడవాళ్ల కూలిని స్వదేశీ యజమానులు కోశారు. 1930 ఆగస్టులో ప్యాంగ్యాంగ్ రబ్బరు యజమానులంతా కూడబలుక్కుని కూలి తగ్గిస్తే, పది ఫ్యాక్టరీల్లో సుమారు 1,800 మంది ఒక్కసారిగా పని ఆపేశారు. ఎక్కువమంది ఆడవాళ్లే. పోలీసులు మాత్రం జపాన్ ప్రభుత్వ పోలీసులు. యజమాని మనవాడు, లాఠీ పరాయివాడిది. ఈ చిత్రం దేశభక్తి పాఠంలో సరిగ్గా ఇమడదు, అందుకే పాఠ్యపుస్తకాలు దీన్ని తొందరగా దాటేస్తాయని నా అనుమానం.

ఎదురుతిరిగినవాళ్లు

1923 వేసవిలో సియోల్ గ్వాంగ్‌హీ గేటు బయట ఉన్న రబ్బరు ఫ్యాక్టరీల ఆడవాళ్లు కూలి కోతకి వ్యతిరేకంగా సమ్మె చేసి, ఫ్యాక్టరీ ముందు నేల మీదే పడుకుని నిరాహారదీక్ష చేశారు. ఆడవాళ్లు తమంతట తాము నడిపిన సమ్మెల్లో పేరు పడ్డ మొదటిది ఇదే. 1930 జనవరిలో బూసాన్‌లో చోసన్ స్పిన్నింగ్ మిల్లులో రెండు వేలమందికి పైగా పని ఆపారు. రోజుకి 8 గంటల పని, జరిమానాల రద్దు, హాస్టల్‌లో మంచి తిండి, జపాన్‌వాళ్లతో సమానమైన చూపు అడిగారు. హాస్టల్ పిల్లల్ని బయటికి రానివ్వకుండా తలుపులు మూశారు. వాళ్లు లోపలే తిండి మానేశారు. అరెస్టులతో, ఆకలితో కొద్దిరోజుల్లోనే సమ్మె విరిగింది. ఆ మిల్లు ఇప్పుడు లేదు. బూసాన్‌లో ఆ చోటుని ఇప్పటికీ 'జోబాంగ్ ముందు' అనే అంటారు; జోబాంగ్ అంటే ఆ మిల్లు కొరియన్ పేరుకి పొట్టి రూపం. ఆ పేరుతోనే ఆక్టోపస్ కూర ఒకటి అక్కడి హోటళ్లలో దొరుకుతుంది. నేను వెళ్లినప్పుడు ఆ కూర తింటున్న కుర్రాళ్లని ఆ పేరు ఎక్కడిదని అడిగాను. పాత మిల్లుదని తెలుసు, సమ్మె సంగతి తెలియదు.

ఒక్కరి గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. కాంగ్ జూర్యోంగ్. 1901లో ఉత్తరాన కాంగ్యేలో పుట్టింది. ఇల్లు గడవక కుటుంబం మంచూరియా వైపు వలసపోయింది. ఇరవై ఏళ్లకి పెళ్లి. పెళ్లికొడుకుకి పదిహేనేళ్లు. అతను స్వాతంత్ర్య దళంలో చేరి చనిపోయాడు. మొగుణ్ణి చంపిందని అత్తవారే కేసు పెడితే కొన్నాళ్లు జైల్లో ఉంది. తర్వాత తల్లిదండ్రులతో తిరిగొచ్చి, ప్యాంగ్యాంగ్ రబ్బరు ఫ్యాక్టరీలో కూలికి చేరింది. ఇంటిల్లిపాదికీ ఆమె సంపాదనే ఆధారం.

1931 మేలో ఆమె పనిచేసే ప్యోంగ్‌వోన్ రబ్బరు ఫ్యాక్టరీ కూలి తగ్గిస్తానంది. 49 మంది సమ్మెకి దిగి, చివరికి ఫ్యాక్టరీలోనే నిరాహారదీక్ష మొదలుపెట్టారు. పోలీసులు వచ్చి రాత్రికి రాత్రే బయటికి నెట్టేశారు. కాంగ్ ఒక తాను నూలు గుడ్డ కొనుక్కుని ఉరేసుకుందామని కొండ మీదికి వెళ్లింది. అక్కడ ఆగి ఆలోచించింది. ఈ వయసు ఆడది చెట్టుకి వేలాడితే జనం ఏమనుకుంటారు? ఏదో తప్పుడు సంబంధం అనుకుంటారు. ఫ్యాక్టరీలో జరిగింది ఎవరికీ తెలియదు. అందుకని అదే గుడ్డని తాడుగా విసిరి, పట్టుకుని, ఉల్మిల్దే అనే పాత మంటపం కప్పు మీదికి ఎక్కింది. సుమారు 12 మీటర్ల ఎత్తు.

మే 29 తెల్లవారాక వాకింగ్‌కి వచ్చినవాళ్లు పైన మనిషిని చూసి గుమిగూడారు. ఆమె పైనుంచే ఉపన్యాసం ఇచ్చింది. ఆమె మాటల సారాంశం ఇదీ: మా 49 మంది కూలి తగ్గడం మాకు పెద్ద విషయం కాదు, ఇక్కడ ఒప్పుకుంటే రేపు ప్యాంగ్యాంగ్‌లోని 2,300 మంది రబ్బరు కార్మికుల కూలీ తగ్గుతుంది, అందుకే చావడానికైనా సిద్ధమై ఎదిరిస్తున్నాం. నిచ్చెన వేస్తే దూకేస్తానని హెచ్చరించింది. చివరికి పోలీసులు ఆమెని కిందికి లాగారు. స్టేషన్లో కూడా తిండి ముట్టలేదు. కోత ఆగింది, ఆమె ఉద్యోగం పోయింది. కొద్దిరోజుల్లోనే ఎర్ర కార్మిక సంఘంతో (కమ్యూనిస్టుల రహస్య సంఘం) సంబంధం ఉందని మళ్లీ అరెస్టు చేశారు. జబ్బుపడితే 1932లో బెయిల్ మీద వదిలారు. ఆ ఆగస్టులో ప్యాంగ్యాంగ్ పేదల పేటలో చనిపోయింది.

ఆమె చెప్పిన ఆ లెక్కని ఒకసారి చూడండి. చదువు పెద్దగా లేని మనిషి, పరిశ్రమ మొత్తంలో కూలి ఎలా నిర్ణయమవుతుందో ఒక్క మాటలో తేల్చింది. నా దగ్గర పరిశోధన చేసిన ఒక అమ్మాయి మొదట ఈ సమ్మెలన్నిటినీ 'ఆవేశంతో జరిగినవి' అని రాసుకొచ్చింది. సమ్మెల డిమాండ్ల జాబితాలు వరసగా పెట్టి చదవమన్నాను. జరిమానా, పాలిచ్చే వేళ, హాస్టల్ తిండి, పని గంటలు, మేస్త్రీల ఆగడాలు. అన్నీ పని తీరుని లోపలినుంచి తెలిసినవాళ్లు రాసినవి. ఆ అధ్యాయం మొత్తం మళ్లీ రాసింది. 1930 ప్రాంతంలో వందమంది కొరియన్ ఆడవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు పదిమంది కూడా లేరు. అలాంటి చోట రాత్రి బడులు, 1927లో పుట్టిన గునుహోయె అనే మహిళా సంఘం, రహస్యంగా పనిచేసిన సోషలిస్టులు వీళ్లకి తోడయ్యారు. కానీ పైనుంచి ఎవరో నడిపితేనే నడిచారనుకోవద్దు.

జపాన్‌కి వెళ్లినవాళ్ల సంగతి క్లుప్తంగా. ఒసాకా దగ్గర కిషివాడ నూలు మిల్లు 1918 నుంచి కొరియా పిల్లల్ని తీసుకెళ్లింది. జెజు ద్వీపం నుంచి ఒసాకాకి నేరుగా ఓడ మొదలయ్యాక అక్కడినుంచీ చాలామంది వెళ్లారు. అక్కడ కూలి కాస్త నయం, అవమానం ఎక్కువ. 1930లో ఆ కంపెనీ సకాయి మిల్లులో కొరియన్, జపాన్ ఆడపిల్లలు కలిసి సమ్మె చేశారు.

యుద్ధకాలం, కంఫర్ట్ విమెన్‌తో గందరగోళం

1938లో జాతీయ సమీకరణ చట్టం వచ్చింది. 1944 ఆగస్టులో ఆడవాళ్లను యుద్ధ పనులకి పంపే ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. 'బాలికల స్వచ్ఛంద శ్రామిక దళం' లాంటి పేరుతో బడిపిల్లల్ని, పన్నెండు నుంచి పదిహేనేళ్లవాళ్లని ఎక్కువగా, టీచర్ల ద్వారానే కదిలించారు. జపాన్ వెళ్తే హైస్కూల్లో చదివిస్తామని, డబ్బు ఇస్తామని చెప్పారు. తొయామాలోని ఫుజికోషి ఫ్యాక్టరీకి వెయ్యిమందికి పైగా, నగోయాలోని మిత్సుబిషి విమానాల ఫ్యాక్టరీకి సుమారు మూడు వందల మంది వెళ్లారు. చదువు లేదు, జీతం చేతికి రాలేదు. 1944 డిసెంబర్ 7న వచ్చిన భూకంపంలో నగోయా ఫ్యాక్టరీ కూలి ఆరుగురు కొరియా పిల్లలు చనిపోయారు.

ఇక్కడే మీ చివరి ప్రశ్న వస్తుంది. ఈ పిల్లలు ఫ్యాక్టరీ పనికి వెళ్లినవాళ్లు. సైన్యం లైంగిక బానిసత్వంలోకి నెట్టిన 'కంఫర్ట్ విమెన్' వేరు. కానీ కొరియాలో చాలాకాలం జనం రెండిటినీ ఈ 'శ్రామిక దళం' పేరుతోనే కలిపి మాట్లాడారు. ఉద్యోగమని నమ్మించి అటు పంపిన ఉదంతాలు ఉండటం ఆ గందరగోళాన్ని పెంచింది. దాని ఫలితం ఇళ్లలో కనబడింది. తిరిగొచ్చిన ఫ్యాక్టరీ పిల్లలు మొగుడికి, అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటారోనని నోరు విప్పలేదు. కొందరికి నిజంగానే కాపురాలు చెడ్డాయి. ముసలివయసులో కోర్టుకెక్కారు. 2009లో జపాన్ ప్రభుత్వం పాత పెన్షన్ లెక్క తేలుస్తూ కొందరికి తలా 99 యెన్‌లు ఇచ్చింది, అప్పటి లెక్కన మన యాభై రూపాయలు. 2018 నవంబర్ 29న దక్షిణ కొరియా సుప్రీంకోర్టు నగోయా బాధితులకి మిత్సుబిషి పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

మరి వీళ్ల పేర్లు ఎందుకు వినబడలేదు?

సమ్మెలు నడిపినవాళ్లలో చాలామందికి కమ్యూనిస్టులతో సంబంధం ఉంది. యుద్ధం తర్వాత దక్షిణ కొరియాలో ఆ మాట పలకడమే ప్రమాదం. కాంగ్ జూర్యోంగ్‌కి ప్రభుత్వ పురస్కారం ప్రకటించింది 2007లో, చనిపోయిన 75 ఏళ్లకి. ఇంకోవైపు మిల్లులు మాత్రం కొనసాగాయి. ఇంచియాన్‌లోని ఆ తోయో మిల్లే తర్వాత దోంగిల్ టెక్స్‌టైల్ అయింది. 1972లో అక్కడి కార్మికులు ఒక మహిళని యూనియన్ అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు, కొరియాలో అదే మొదటిసారి. 1978లో యూనియన్ ఎన్నికకి వచ్చిన ఆడవాళ్ల మీద ప్రత్యర్థి మగ కార్మికులు మలం చల్లారు. అదే గోడల మధ్య, జెండా మారిన ముప్పై మూడేళ్ల తర్వాత.

మీరు సొంతంగా చదవాలనుకుంటే, దోంగా ఇల్బో, చోసన్ ఇల్బో అనే రెండు పేపర్లూ 1920లో మొదలయ్యాయి, పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో చైనీస్ అక్షరాలు కలిసి ఉంటాయి కాబట్టి ఆటోమేటిక్ అనువాదం చాలాచోట్ల తప్పులు చెప్తుంది, నమ్మి కోట్ చేయకండి. పైగా ఆ పేపర్లు సెన్సార్ కింద నడిచినవి. సమ్మె 'సద్దుమణిగింది' అని రాసి ఉంటే, ఎంతమందిని అరెస్టు చేశారో, ఎవరి ఉద్యోగం పోయిందో తర్వాతి వారం సంచికల్లో వెతకండి. ప్యాంగ్యాంగ్‌లో 1930 ఆగస్టు నుంచి 1931 జూన్ దాకా వరసగా చదివితే ఒక ఊరి కథ మొత్తం దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు.